మట్టిపిట్టలకు గురువును వెతికిన ఏడాది

చాప ఇంకాస్త ఇటు జరుపుకుని కూర్చోండి. నేను మెల్లగా చెబుతాను. ఇన్నేళ్లూ తుపాకుల పక్కన ఉద్యోగం చేసినదాన్ని, గట్టిగా మాట్లాడటం అలవాటు తప్పింది. మోత చెయ్యడం తుపాకీ పని, మనది కాదు.

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, దాళ్వా వరి కోతలు ముగిసిన ఎండాకాలం రోజుల్లో నన్ను రేంజ్ సూపర్‌వైజర్‌ను చేశారు. రాజమహేంద్రవరం దాటి మెట్ట వైపు పోతే, జీడిమామిడి తోటల వెనక ఒక పాత గ్రావెల్ క్వారీ ఉండేది. దాన్నే చదును చేసి షూటింగ్ రేంజిగా మార్చారు. అంతకుముందు నేను అక్కడే ట్రాప్ హెల్పర్ని, ఆ తర్వాత ట్రాప్ ఆపరేటర్ని. చదివింది ఐదో తరగతి. పెంకుల ఫ్యాక్టరీలో పెంకులు పగలకుండా పేర్చడంలో నాకు మంచి పేరుంటే, ఆ పేరు విని పిలిచి పని ఇచ్చారు. సూపర్‌వైజర్ కుర్చీలో కూర్చున్న వారంలోనే సెక్రటరీ గారు నాకు మొదటి పని అప్పగించారు. స్పోర్టింగ్ క్లేస్ నేర్పే మంచి ఇన్‌స్ట్రక్టర్‌ను వెతికి తీసుకురావాలి.

ఆ ఆట ఏమిటో తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెబుతాను. అరచేతి కంటే కొంచెం వెడల్పుగా, చిన్న మూకుడులా ఉండే బిళ్లను ట్రాప్ అనే మిషన్ గాల్లోకి విసురుతుంది. అది నేల తాకే లోపు షాట్‌గన్‌తో పగలగొట్టాలి. పేరుకు మట్టిపిట్ట గాని అందులో మట్టి లేదు. సున్నపురాయి పొడీ, తారులాంటి కీలూ కలిపి అచ్చు పోస్తారు. రేంజిలో వరసగా స్టాండ్లు ఉంటాయి. ఒక్కో స్టాండు దగ్గర పిట్ట ఒక్కో రకంగా వస్తుంది. ఒకచోట అడ్డంగా పోతుంది, ఒకచోట కొబ్బరి చెట్టంత ఎత్తుకు నిట్టనిలువుగా లేస్తుంది, మరోచోట కుందేలులా నేల మీద దొర్లుతుంది. స్టాండులోకి అడుగు పెట్టేదాకా తుపాకీని మధ్యలో కీలు దగ్గర మడిచి, అంటే మా మాటలో విరిచి, గొట్టాలు ఖాళీగా కనబడేలా పట్టుకోవాలి. షూటర్ ‘పుల్’ అనగానే వెనక నిలబడ్డ ఆపరేటర్ బటన్ నొక్కుతాడు. ఆ బటన్ పెట్టె చాలా ఏళ్లు నా చేతిలోనే ఉంది.

గురువు ఎవరికోసం అంటే, సుభద్ర కోసం. మెయిన్ బజారులో తాళ్లూ టార్పాలిన్లూ అమ్మే హోల్‌సేల్ కొట్టువారి కోడలు. పెళ్లయిన కొత్తలో మొగుడితో కలిసి సరదాగా రేంజికి వచ్చింది. అతనికి రెండు నెలల్లో సరదా తీరిపోయింది, ఆమెకు తీరలేదు. కోమట్ల ఇల్లు, గుడ్డు కూడా గడప దాటి లోపలికి రాని ఇల్లు. అలాంటి ఇంట్లో తుపాకీ మాట ఎలా చెల్లిందంటే, అత్తగారు సత్యవతమ్మ గారు ఒకరోజు స్వయంగా వచ్చి, పగిలిన పిట్ట ముక్క ఒకటి చేతిలోకి తీసుకుని చూసి, దీనికి ప్రాణం లేదు కాబట్టి అభ్యంతరం లేదని చెప్పి వెళ్లారు. ఆ తర్వాత కొట్లో బేరానికి వచ్చినవాళ్లందరికీ కోడలి సంగతి చెప్పుకునేవారు.

మొదట్లో సుభద్ర బాగానే కొట్టేది. ఆ చుట్టుపక్కల ఆడపిల్లల్లో అంత నిలకడగా కొట్టినవాళ్లను నేను చూడలేదు. తర్వాత ఏమైందో, ఏడాది పైనుంచి చెయ్యి తప్పుతూ వచ్చింది. ముఖ్యంగా ఎడమ నుంచి కుడికి అడ్డంగా పోయే పిట్ట ఆమెకు శత్రువైపోయింది. ఎప్పుడు పేల్చినా గుళ్లు దాని వెనకే పోయేవి. రాష్ట్ర జట్టు ఎంపికకు ఒకసారి వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చింది. రెండోసారి ఎంపికలు ఆ చలికాలంలో ఉన్నాయి. ఒక సాయంత్రం తుపాకీ తుడుస్తూ నాతో అంది. “ఈసారీ కాకపోతే మానేస్తాను మంగక్కా. మా అత్తయ్యగారు కొట్లో నా గురించి చెబుతుంటే లోపల కూర్చోలేకపోతున్నాను.”

అందుకే సెక్రటరీ రాజుగారు నన్ను పిలిచారు. క్లబ్బు పరువు కూడా ఆ అమ్మాయి మీదే ఉందని ఆయన లెక్క.

మొదట వచ్చిన ఇన్‌స్ట్రక్టర్ పెద్ద పేరున్న షూటర్. అంతకు ముందు ఏడాది కూడా రెండు రోజులు వచ్చి శిబిరం పెట్టి వెళ్లాడు. కమిటీవారికి ఆయనంటే మోజు, అందుకని మళ్లీ ఆయన్నే పిలవమన్నారు. రాజుగారి మర్యాద సంగతి తెలుసు కదా. మధ్యాహ్నం ఆయన విస్తరి ముందు కూర్చోబెట్టిన అతిథి సాయంత్రానికి గాని లేవడు. పనసపొట్టు కూర, పులస లేని కాలం కనక కొరమీను పులుసు, పూతరేకులు, చివర్లో గడ్డ పెరుగు. పాఠం మూడింటికన్నారు గాని, గురువుగారు గెస్ట్‌రూంలో గుర్రు పెడుతుంటే ఐదైంది. లేచి వచ్చి తుపాకీ ఎత్తాడు. చూడటానికి రెండు కళ్లూ చాలవు, అంత అందంగా కొట్టాడు. ఒక్కటీ వదల్లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత సుభద్రను పిలిచి, తాను చేసినట్టు చెయ్యమన్నాడు. రెండు కళ్లూ తెరిచే ఉంచాలి, పిట్టను తప్ప దేన్నీ చూడకూడదు, అర్థమైందా అన్నాడు. ఆమె అర్థమైందండి అంది. తర్వాత వరసగా తప్పింది. అర్థమైందా అని మళ్లీ అడిగాడు. అర్థమైందండి అని మళ్లీ అంది.

రెండో ఆయన సైన్యంలో చేసి వచ్చినవారు. క్రమశిక్షణ గల మనిషి, భోజనం కూడా గడియారం చూసి చేశారు. ఆయన పొద్దుట అడుగులు మార్చారు, మధ్యాహ్నం మోచెయ్యి మార్చారు, సాయంత్రానికి భుజం ఎత్తు మార్చారు. ప్రతిదానికీ సుభద్ర అలాగేనండి అంది. మూడోనాటికి ఆ పిల్ల తుపాకీ పట్టుకుంటే, కొత్తగా చీర కట్టుకున్నదానిలా ఎక్కడికక్కడ సర్దుకోవడమే సరిపోయింది. ఆయన వెళ్తూ వెళ్తూ, పిల్ల వినయం గలది గాని ఈ ఆటకు తగదు అని రాజుగారితో అన్నారు.

ఆ మాట ఇంటిదాకా వెళ్లింది. మర్నాడు సత్యవతమ్మ గారు ఆటోలో దిగారు. ఎవరినీ ఏమీ అనలేదు. నా గదిలో కూర్చుని మజ్జిగ తాగి, లేచేముందు అన్నారు. “మట్టిపిట్టకి ప్రాణం లేదని ఒప్పుకున్నాను మంగా. మా కోడలికి ఉంది కదా. రాత్రి భుజానికి కొబ్బరినూనె రాస్తుంటే చూశాను, వంకాయలా కమిలిపోయింది.”

నాకూ తెలియదు ఆ సంగతి. ఎవరికీ చెప్పలేదు ఆ పిల్ల. పెద్దవాళ్లు ఖర్చు పెట్టి గురువును పిలిపించారు, ఆయన అంత దూరం నుంచి వచ్చాడు, నొప్పిగా ఉందంటే ఆయన్ని తప్పు పట్టినట్టవుతుందని నోరు కట్టుకుంది. మన వైపు పెంపకం అది. బడిలో మేష్టారు అర్థమైందా అంటే అర్థమైందండి. డాక్టరుగారు తగ్గిందా అంటే తగ్గిందండి. గురువును నిరాశపరచడం మర్యాద కాదు. గోదావరి జిల్లాల్లో పుట్టి, ముఖాన ‘లేదండి’ అనగలిగిన పిల్లను వెతికి చూపించండి, పట్టుచీర పెడతాను.

అప్పుడు నేను వెతికే దారి మార్చాను. అప్పటిదాకా రాజుగారు ఇచ్చిన నంబర్లకు, అంటే వేరే రేంజిల సెక్రటరీలకు ఫోన్ చేసేదాన్ని. వాళ్లు పతకాలు చెప్పేవారు. ఈసారి ఆ రేంజిల్లో బటన్ నొక్కేవాళ్లకు చేశాను. మిషన్లు పాడైనప్పుడు స్ప్రింగుల కోసం, బెల్టుల కోసం మేం ఒకరికొకరం ఫోన్లు చేసుకుంటాం, అందరం ఎరుగుదుం. మా పనివాళ్లు పొద్దస్తమానం గురువుల వెనకే నిలబడతారు. మీ దగ్గర ఎవరి శిష్యులు తిరిగి తిరిగి వస్తారు అని మాత్రమే అడిగాను. తమిళనాడు వైపు ఒక రేంజిలో పనిచేసే పెద్దాయన, అనకాపల్లి మనిషే, నవ్వి చెప్పాడు. “దివాకరం గారని ఒకాయన ఉండేవారు. ఆయన వస్తే మాకు సెలవేనండి. ఒక్క డబ్బా పిట్టలు రోజంతా అయినా ఖర్చు కావు. మాట్లాడించడమే గాని కాల్పించడం తక్కువ. ఇప్పుడు మీ తణుకు దగ్గరే చెరుకు వేసుకుంటున్నారు.”

తణుకు వెళ్లి కలిశాను. ఆయన ఇన్‌స్ట్రక్టర్ కోర్సులు చదివి, సర్టిఫికెట్లు పుచ్చుకుని, ఇరవై ఏళ్లకు పైగా పెద్ద పెద్ద ఊళ్లలో నేర్పి, తండ్రిగారి పొలం చూసుకోవడానికి వచ్చేశారు. అప్పుడు చెరుకు గాలికి పడిపోకుండా జడలు కట్టే పని జరుగుతోంది. అది ముగిశాక వస్తానన్నారు, అన్నరోజుకే బస్సులో వచ్చారు. చేతిలో గొడుగూ, టిఫిన్ క్యారేజీ. తుపాకీ లేదు.

రాజుగారి ముఖం చిన్నబోయింది. నన్ను పక్కకు పిలిచి, తుపాకీ లేని గురువేంటి మంగతాయారూ, పెళ్లికి పుస్తె తేని పురోహితుడిలాగ అన్నారు. పుస్తె తేవలసింది పెళ్లికొడుకు కదండి అన్నాను. ఆయన నవ్వేశారు, ఆ నవ్వుతోనే ఒక రోజు గడువిచ్చారు. విస్తరి కూడా వేయించారు గాని, దివాకరం గారు తన క్యారేజీలో పెరుగన్నమే తిని పన్నెండున్నరకల్లా స్టాండు దగ్గర ఉన్నారు.

ముందు సుభద్రను తనకు నచ్చినట్టు కొట్టమన్నారు. నేను బటన్ పెట్టె పట్టుకుని వెనక నిలబడ్డాను. మొదటి ఇద్దరు గురువులూ పిట్ట ఎగిరితే పిట్టను చూసేవారు, తప్పిందా తగిలిందా అని. ఈయన పక్కన కాస్త వెనగ్గా నిలబడి ఆమె చెంపనూ కళ్లనూ చూస్తున్నారు. పిట్ట ఎటు పోయిందో ఆయనకు తెలియదనిపించింది నాకు. రెండేసి పిట్టల చొప్పున నాలుగు జంటలు అయ్యాక చాలన్నారు. తుపాకీ విరిపించి, ఖాళీ చేయించి, తుపాకులు ఆనించే చట్రంలో పెట్టించారు. తర్వాత ఆమెకు ఎదురుగా వెళ్లి నిలబడి, రెండు కళ్లూ తెరిచి నా ముక్కు వైపు వేలు చూపించమ్మా అన్నారు. చూపించింది. ఆయన చిన్నగా తలాడించారు.

ఇప్పుడు నాకు ఒక మాట ఇవ్వాలి అన్నారు. నా దగ్గర అర్థమైందండి అనకూడదు, అలాగేనండి కూడా అనకూడదు. నేను అడిగినప్పుడు నీకు కంటికి ఏం కనబడిందో అది చెప్పాలి, నాకు నచ్చినా నచ్చకపోయినా. ఆమె వెంటనే అలాగేనండి అంది. నేను నవ్వాపుకోలేకపోయాను. ఆయన నవ్వలేదు.

“పిట్టను చూస్తున్నప్పుడు తుపాకీ ఎక్కడుంది?”

ఆమె రాజుగారి వైపు చూసింది, నా వైపు చూసింది. ఆయన తొందరపెట్టలేదు, జీడితోటలోకి చూస్తూ నిలబడ్డారు. చివరికి అంది.

“ఏ తుపాకీ అండి? నాకు రెండు కనబడతాయి.”

“ఎప్పట్నుంచి?”

“పోయినేడు రెండు కళ్లూ తెరిచి కొట్టమన్నారు కదండి, అప్పట్నుంచి. అందరికీ అలాగే కనబడతాయేమో అనుకున్నాను.”

సంగతి ఇదీ. మనకు కుడిచెయ్యి వాటం ఉన్నట్టే కంటికీ వాటం ఉంటుంది. చాలామందికి చెయ్యీ కన్నూ ఒకే వైపు ఉంటాయి. సుభద్రకు చెయ్యి కుడి, కన్ను ఎడమ. ముక్కు వైపు చూపించమన్నప్పుడు ఆమె వేలు ఎడమ కంటికి ఎదురుగా నిలిచింది, ఆయన తలాడించింది అందుకే. మొదట్లో తనకు తెలియకుండానే ఎడమ కన్ను మూసి కొట్టేది, అందుకే తగిలేవి. రెండు కళ్లూ తెరవమన్న సలహా పదిమందిలో ఎక్కువమందికి మంచిదే. చెప్పినాయన తప్పు చెప్పలేదు. కాని ఈ పిల్ల తెరిచేసరికి ఎడమ కన్ను పెత్తనం తీసుకుంది. గుళ్లన్నీ ఎడమకు పోయేవి, కుడికి పరిగెత్తే పిట్ట వెనక పడేవి. దాన్ని సరిచెయ్యాలని మెడ వంచి, భుజం బిగించి, తుపాకీ వెనక్కి తన్నే దెబ్బలు తినేది. దివాకరం గారు తర్వాత తుపాకీ మడమ, అంటే భుజానికి ఆనించే చెక్క, కొలిచి చూస్తే అది మొగుడి కొలతకు చేయించింది, ఆమెకు పొడుగు. దాన్నీ కోయించి సరి చేయించారు. కాని అది చిన్న పని. పెద్ద పని ఆ ఒక్క మాట బయటికి రావడమే.

షూటర్లు పెట్టుకునే కళ్లద్దాల్లో ఎడమ కంటి అద్దం మీద, తుపాకీ కొన కనబడే చోట చిన్న మచ్చలా ఏదైనా అంటించాలి అన్నారు. అప్పుడు రెండు కళ్లూ తెరిచే ఉంటాయి గాని గురి కుడికంటికే దక్కుతుంది. ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో ప్లాస్టర్ వెతుకుతుంటే ఎండకు జిగురు కారిపోయి దొరికింది. సుభద్ర అటూ ఇటూ చూసి, తన నుదుటి స్టిక్కర్ బొట్టు తీసి ఆయన చేతిలో పెట్టింది. మెరూన్ రంగు బొట్టు. అద్దం మీద కొంచెం అటు జరిపి, కొంచెం ఇటు జరిపి, తుపాకీ ఒక్కటే కనబడేదాకా అడిగి అడిగి అతికించారు. ఇప్పుడా అంటే కాదండి అంది. ఇప్పుడా అంటే ఇంకా కాదండి అంది. ఆ పిల్ల నోటి వెంట వరసగా అన్ని ‘కాదండి’లు వినడం నాకదే మొదలు. ఆయన ప్రతిదానికీ మంచిది అన్నారు.

ఆనాడు ఆమెకు ఎదురుగా మెల్లగా వచ్చే ఒక్క పిట్టను తప్ప వేరేది వెయ్యనివ్వలేదు. రాజుగారికి ఓపిక తక్కువ. చిన్నపిల్లల పిట్టతో ఎంపికలకెలా వెళ్తామండీ అని అడిగారు. కుదిరినదాని మీదే కుదరనిది కట్టాలి అని దివాకరం గారు జవాబిచ్చి, తరువాయి పాఠానికి రోజు చెప్పి బస్సెక్కారు. రాజుగారు గేటు దాకా వెళ్లి సాగనంపి వచ్చి, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని మాట ఆ పిల్ల ఆయనకు చెప్పింది, ఆయన్నే ఖాయం చెయ్యి మంగతాయారూ, కమిటీకి నేను చెప్పుకుంటాను అన్నారు. అడ్డంగా పోయే పిట్టను ఆయన మళ్లీ వెయ్యనిచ్చింది కార్తీకమాసంలోనే. పగిలింది. సుభద్ర వెనక్కి తిరిగి, అది ముందు అంచుకే తగిలిందండి, నేను కొంచెం తొందరపడ్డాను అంది. పగిలిన పిట్టలో కూడా తన తప్పు తానే చెప్పింది. అప్పుడే నేను ఇంటికెళ్లి మా వాళ్లకు చెప్పాను, ఈ పిల్ల జట్టులోకి వెళ్తుంది అని.

ఎంపికల రోజున తోడుగా నన్ను పంపారు. గురువులు స్టాండు దగ్గరికి రాకూడదు, తాడు బయట కూర్చోవాలి. దివాకరం గారు గొడుగు వేసుకుని కూర్చున్నారు. సుభద్ర నుదుట ఒక బొట్టు, అద్దం మీద ఒక బొట్టు. తోటి షూటర్లు వింతగా చూశారు. రిఫరీ అద్దాలు చేతిలోకి తీసుకుని చూసి, రూలుకు అడ్డం లేదని తిరిగిచ్చేశాడు.

ఆఖరి స్టాండులో జంట పిట్టలు. మొదటిదానికి తుపాకీ పేలగానే ఆ మోతకు రెండోది వదలాలి. మొదటిది పగిలింది. రెండోది మిషన్ నోట్లోంచే ఒక అంచు విరిగి వచ్చింది. అలాంటిది లెక్కలోకి రాదు, జంటను మళ్లీ వదలాలి. సుభద్ర పేల్చలేదు. ఆ క్షణానికి రిఫరీ కార్డు మీద గుర్తు పెట్టుకుంటూ తల వంచి ఉన్నాడు. తలెత్తి చూస్తే పిట్ట నేల మీదుంది, తుపాకీ పేలలేదు. పోయింది అని పలికాడు.

అభ్యంతరం ఉంటే అక్కడికక్కడే, స్టాండులోంచి కాలు బయట పెట్టకముందే చెప్పాలి. బయటికొస్తే ఇక రాసిందే రాత. నేను చూశాను, నా పక్కనున్నవాళ్లూ చూశారు, కాని తాడు బయటివాళ్లు నోరు విప్పకూడదని రూలు, మేం పలికితే ఆ పిల్లకే నష్టం. రిఫరీ చూస్తే పెద్దాయన, నెరిసిన జుట్టు, మెడలో ఈల, అచ్చం మేష్టారిలా ఉన్నాడు. ఇదివరకటి సుభద్రయితే తల దించుకుని వచ్చేసేది.

తుపాకీ విరిచింది. ఎడమచెయ్యి పైకెత్తింది.

“కాదండి. అది విరిగి వచ్చింది. నేను చూశాను.”

గొంతు పెంచలేదు. ‘అండి’ వదల్లేదు. కాలు కదపలేదు. రిఫరీ ఆమెను ఒకసారి చూసి, బటన్ నొక్కిన మనిషిని అడిగాడు. అతను అవునన్నాడు. మొదటి పిట్ట లెక్క అలాగే ఉంచి జంటను మళ్లీ వదిలించారు. రెండోది నల్లటి పొడై రాలింది.

జట్టు పేర్లు సాయంత్రం చదివారు. ఆఖరి పేరు సుభద్రది. ఆమెకూ, తర్వాతి అమ్మాయికీ తేడా ఒకే ఒక్క పిట్ట. దివాకరం గారు గొడుగు ముడిచి, ఏం కనబడిందమ్మా అని అడిగారు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఇద్దరూ బస్టాండు దాకా అదే మాట్లాడుకుంటూ నడిచారు.

సత్యవతమ్మ గారు మర్నాడు కొట్లో తాళ్ల చుట్ట మీద కూర్చుని, మా కోడలు రిఫరీకే కాదని చెప్పిందట అని వచ్చినవాళ్లందరికీ చెప్పారు. ఇప్పుడు నాకూ కాదంటోంది, అదే చిక్కు అని కూడా కలిపారు. ఆ మాట అనేటప్పుడు ఆవిడ ముఖం చూడాల్సింది.

నేను పోయినేడు రిటైరయ్యాను. దివాకరం గారు ఇప్పటికీ వారానికో రోజు తణుకు నుంచి వస్తారు. రేంజి ఆఫీసు గోడ మీద జట్టు ఫొటోలున్నాయి. ఇన్‌స్ట్రక్టర్‌ను ఎంపిక చేసినవారు అని రాసే చోటు ఏ ఫొటో కిందా లేదు, ఫరవాలేదు, నాకు తెలుసు. కొత్త సూపర్‌వైజర్ వచ్చి మంచి గురువును ఎలా పట్టాలి అని అడిగితే నేను చెప్పింది ఇంతే. ఆయన ఎన్ని కొడతాడో చూడకు, ఆయన వచ్చేది తాను కొట్టడానికి కాదు. పిట్ట ఎగిరినప్పుడు ఆయన కళ్లు ఎటున్నాయో చూడు. పాఠం అయ్యాక శిష్యుడు ఆయనతో కాదండి అనగలిగాడా లేదా విను. ఈ రెండూ ఉంటే ఖాయం చెయ్యి. లేకపోతే భోజనం పెట్టి పంపెయ్యి.

ఇంతసేపూ ఓపిగ్గా విన్నారు. మీ గాదె నిండుగా, మీ పొయ్యి వెచ్చగా ఉండాలి. మీ ఇంట్లో పెద్దలకు అడిగే ఓపికా, పిన్నలకు ఉన్నది ఉన్నట్టు చెప్పే ధైర్యమూ కలకాలం ఉండాలి. చల్లగా ఉండండి.